గట్లు పడుకునే కాలం

కోతలైపోయాయంటే చాలు, మర్దియా ఇంటి కింద సుత్తుల చప్పుడు మొదలవుతుంది. ఆ ఊళ్ళో ఇళ్ళన్నీ మనిషెత్తు స్తంభాల మీద ఉంటాయి కాబట్టి కింద మంచి నీడ. ఆడవాళ్ళ పగళ్ళు సగం అక్కడే గడుస్తాయి. మూల పొయ్యి మీద మూకుట్లో ఇసక కాగుతుంటుంది, ఇసకలో మెలింజో చెట్టు గింజలు వేగుతుంటాయి. వేడి మీదే పెంకు ఒలవాలి, వేడి మీదే రాయి మీద పెట్టి సుత్తితో కొట్టాలి. చల్లారిందా, ముక్కలైపోతుంది. నాలుగైదు గింజలు ఒకదానిలో ఒకటి కలిసి పల్చగా సాగితే ఒక అప్పడం. మర్దియా కూతురు సల్బియాకి ఇరవై కూడా నిండలేదు గానీ, వేళ్ళ చివర ఆ వేడి తెలియడం ఎప్పుడో మానేసింది.

"ఎటు చూస్తూ కొడుతున్నావే? ఆ గింజ పాపం ఎప్పుడో అప్పడమైపోయింది, వదిలెయ్" అంది మర్దియా.

సల్బియా పొలం వైపు చూస్తోంది. చూడ్డానికి అక్కడేమీ లేదు. కోసిన వరి కొయ్యకాళ్ళు, గేదెలు, బాతులు, దూరంగా కొండ. గట్లు పడుకుని నెల దాటింది.

ఆ ఊళ్ళో గట్లు నిలబడి ఉండేది పంట ఉన్నన్నాళ్ళే. చివరి మోపు ఇల్లు చేరిన సాయంత్రం అవి ఒకటొకటిగా నేలలోకి దిగిపోతాయి, పనయ్యాక గేదె బురదలో కూలబడ్డట్టు. తెల్లారేసరికి పొలమంతా ఒకటే మైదానం. ఎవరి గేదె ఎక్కడైనా మేయొచ్చు, ఎవరి బాతు ఎక్కడైనా తిరగొచ్చు, ఆ రోజుల్లో ఇది నాది అన్నవాణ్ణి చూసి పిల్లలు కూడా నవ్వుతారు. వానలు దగ్గరపడ్డాక పొలానికి నీళ్ళ వంతులు చూసే నీరటి ఒక రోజు నిర్ణయిస్తాడు, ఆ రోజు పొలం కందూరి. గేదెని కోసి, పొలం ఒడ్డునే వండి, ఖురాన్‌లోని యాసీన్ చదివి, ఊరంతా కూర్చుని తింటుంది. ఆ తర్వాత మూడు రోజులు పొలంలో ఎవరూ కాలు పెట్టకూడదు, గడ్డిపోచ కూడా తుంచకూడదు. నాలుగో రోజు తెల్లవారేటప్పుడు గట్లు లేస్తాయి. ఎవరి మడి ఎంతో అంతే లేస్తాయి. మడికి నీళ్ళు పారే మడవ మాత్రం యజమాని పొయ్యి ఎటుందో అటే తెరుచుకుంటుంది. అందుకని ఆ ఊళ్ళో పొలం తగువులు తక్కువ. పెళ్ళి తగువులు కావలసినన్ని.

పొలం ఇవ్వాలన్నా అమ్మాలన్నా గట్లు పడుకున్నప్పుడే. ఇచ్చేవాడు చెప్పులు విడిచి, ఎంత ఇస్తున్నాడో అంత మేర చుట్టూ నడుస్తాడు. పుచ్చుకునేవాడు వెనకాలే, ఆ అడుగుల్లో అడుగులేస్తూ నడుస్తాడు. ఇద్దరూ నడవాల్సిందే. ఇచ్చేవాడు ఒక్కడే నడిస్తే ఎంత తిరిగినా ఆ గీత మీద గట్టు లేవదు. ఇదీ అక్కడి రిజిస్ట్రీ. పట్నం నుంచి కాగితాలు పట్టుకుని వచ్చిన ఆఫీసర్లు కూడా కందూరి భోజనం చేసి, నాలుగో రోజు దాకా ఉండి, లేచిన గట్లు చూసి రాసుకుని వెళ్ళిపోతారు.

సల్బియా తాత లేమాన్‌కైతే ఈ ఏడు ఒక నడక బాకీ ఉందని ఊరంతా అనుకుంటోంది. ఆయనొక్కడే అనుకోవడం లేదు.

లేమాన్ తాత భార్య పోయాక మెనాసాలో పడుకుంటున్నాడు. మెనాసా అంటే ఊరి నమాజు చావడి. అక్కడ ఇల్లు ఆడదానిది, మగవాడు తల్లి ఇంట్లో పుట్టి, భార్య ఇంట్లో కాపురం చేసి, ఒంటరివాడైతే మెనాసా చాప మీదికి చేరతాడు. దాన్నెవరూ కష్టం అనుకోరు. మధ్యాహ్నం భోజనానికి మాత్రం తాత కర్ర టకటకలాడించుకుంటూ కోడలు మర్దియా ఇంటికి వస్తాడు. ఆయనకిద్దరు కొడుకులు. పెద్దవాడు హనాఫియా, పొలానికి అవతలి ఊళ్ళో భార్య ఇంట్లో ఉంటూ వక్కల వ్యాపారం చేస్తాడు. చిన్నవాడు ఇద్రుస్, మర్దియా భర్త, సల్బియా తండ్రి. సల్బియాకి పాలపళ్ళు ఊడే వయసులో, పని కోసం రాత్రి పడవెక్కి సముద్రం అవతల మలేసియాకి బయల్దేరాడు. పడవ మునిగింది. తక్కినవాళ్ళని అలలు ఒడ్డుకి తెచ్చి పడేశాయి. ఇద్రుస్‌ని తేలేదు.

కొన్నేళ్ళు చూసి పెద్దలు ఇక అతను లేనట్టే అన్నారు. మర్దియా ఇంట్లో ఏడు రాత్రులు దువా చదివారు. ఆ ఏడు రాత్రులూ లేమాన్ తాత ఇటు తొంగి కూడా చూడలేదు. "ఎవరి ఇంట్లోనో ఎవరో పోయారట" అనేవాడు దారిన పోయేవాళ్ళతో.

ఇక్కడుంది చిక్కంతా. తండ్రి కళ్ళముందే కొడుకు పోతే, ఆ కొడుకు పిల్లలకి తాత పొలంలో వాటా రాదు. వంతెన విరిగింది అంటారు దాన్ని. విరిగినా ఫరవాలేదు, తాత బతికుండగా మనవరాలి పేరు చెప్పి నడిస్తే చాలు, చాలామంది తాతలు నడిచారు కూడా. కానీ తండ్రి బతికుండగా కూతురి కోసం ఎవరూ నడవరు. సల్బియా కోసం నడవడమంటే ఇద్రుస్ లేడని ఒప్పుకోవడమే. తాత ఒప్పుకోడు. ఆయనకి ఈ ఏడు దగ్గు గుండెల్లోకి దిగింది. మర్దియా, సల్బియా దున్ని తింటున్న ఆ పొలమే తాతది. తాత కన్ను మూస్తే అది హనాఫియాది. ఇల్లుంటుంది, కుండలో వేయడానికి బియ్యం ఉండవు. మెదాన్ పట్నంలో ఒక ఇంట్లో వంటపని ఉందని, సల్బియాని పంపమని మర్దియా పిన్ని అప్పుడే రెండుసార్లు కబురు చేసింది.

ఆ రోజు తాత భోజనానికి కూర్చున్న వేళకే హనాఫియా మోటార్ సైకిల్ వచ్చి ఆగింది. వెనక వక్కల బస్తా, ముందు కొబ్బరికాయల గుత్తి. మనిషి భారీగా ఉంటాడు, మెట్లెక్కేటప్పుడు ఇంటికి తెలుస్తుంది.

"రండి బావగారూ, భోంచేద్దురు గాని" అంది మర్దియా.

"తినే వచ్చాను. అయినా పెట్టు, నీ చేపల పులుసుకి కాదంటే పైకెళ్ళాక దేవుడికి లెక్క చెప్పాలి" అన్నాడు హనాఫియా. చేతులు కడుక్కుని తండ్రి ఎదురుగా కూర్చున్నాడు. నాలుగు ముద్దలు తిని, మొహం చూడకుండా మొదలుపెట్టాడు. "నాన్నా, వచ్చే శుక్రవారం కందూరి అట. నీరటి చెప్పాడు."

"చెప్పనీ."

"ఆలోగా పిల్ల కోసం నడవరాదూ."

తాత చేపముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టాడు. "దాని నాన్న వచ్చి, నా వాటా ఏది నాన్నా అంటే నన్నేం చెప్పమంటావు? నువ్వు రావనుకున్నాన్రా అని చెప్పనా?"

"వాడు రాడు నాన్నా."

"నువ్వు చూశావా?"

హనాఫియా ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు. "చూడు నాన్నా, నేను దాపరికం లేకుండా చెప్తున్నా. ఇప్పుడు నువ్వు ఇస్తే నాకు సంతోషమే. మా ఇంటావిడ గొణుగుతుంది, గొణగనీ. కానీ నీ తర్వాత నా చేతికొచ్చిందనుకో, తిరిగి ఇచ్చేంత మంచివాణ్ణి కాను. నా సంగతి నాకు తెలుసు. నలుగురు పిల్లలున్నారు. అప్పుడు ఏదో ఒక వంక దొరుకుతుంది నాకు. అందుకే నా బుద్ధి ఇంకా తిన్నగా ఉండగానే అడుగుతున్నా."

గుమ్మం పక్కన నిలబడ్డ సల్బియాకి ఆ మాటకి కోపం రాలేదు. భయం వేసింది. పెదనాన్న అబద్ధం చెప్పే మనిషి కాదు.

లేమాన్ తాత అన్నం సగంలో వదిలేసి, చెయ్యి కడుక్కుని, కర్ర అందుకున్నాడు. మెట్ల మీద ఆగి, "పులుసులో ఉప్పు సరిపోయిందమ్మా" అన్నాడు కోడలితో, ఇంకేమీ జరగనట్టు. కర్ర చప్పుడు మెనాసా దాకా వినిపించింది.

మర్నాడు సల్బియా అప్పడాలు ఆరబెట్టి, తనే మెనాసాకి వెళ్ళింది. తాత అరుగు మీద ఎండలో కూర్చున్నాడు. చూపు మందగించిన దగ్గర్నుంచి ఎండకి మొహం పెట్టి కూర్చోవడం అలవాటైంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, మడమల పగుళ్ళకి కొబ్బరినూనె రాసింది.

"నూనె రాస్తున్నావంటే నన్ను నడిపించడానికే వచ్చావన్నమాట" అన్నాడు తాత.

"నన్ను మెదాన్ పంపించేస్తారట తాతా."

ఆయనకి దగ్గు వచ్చింది, పోయింది. "నువ్వు వెళ్ళకూడదు. ఇక్కడే ఉండాలి. అది నాకూ తెలుసు. కానీ నిన్ను వెనకాల పెట్టుకుని నేను నడిస్తే మీ నాన్నని నా చేత్తో పాతిపెట్టినట్టే. వాణ్ణి సముద్రమే పాతిపెట్టలేకపోయింది, నన్ను పెట్టమంటావా తల్లీ? ఆ పని నా చేత చేయించకు."

సల్బియా నూనె చేతులు తుడుచుకుంది. నాన్న మొహం ఆమెకి గుర్తులేదు. గుర్తున్నదల్లా ఒకటే, పొలం నుంచి వచ్చి మెట్ల దగ్గర జాడీలో నీళ్ళు ముంచి కాళ్ళు కడుక్కునేవాడు, ఎంత కడిగినా తడి పాదాల గుర్తులు ఇంట్లోకి వచ్చేవి, అమ్మ తిట్టేది. ఆ పాదాల గుర్తుల్లో తను చిన్న చిన్న పాదాలు పెట్టి ఆడుకునేది. అది తాతకి చెప్పాలనుకుంది. చెప్పలేక లేచి వచ్చేసింది.

ఇంటికొచ్చాక మర్దియా ఆమె మొహం చూసింది. అటక మీంచి ట్రంకుపెట్టె దించి, తుడిచి, మూత తెరిచి ఎండలో పెట్టింది. మెదాన్ ప్రయాణానికని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ మళ్ళీ సుత్తులు పట్టుకున్నారు.

కందూరికి ముందు రోజు, సాయంత్రపు అసర్ నమాజయ్యాక, కర్ర చప్పుడు ఇంటి ముందు ఆగింది.

"సల్బియా. నన్ను పొలం దాకా తీసుకెళ్ళు."

సల్బియా సుత్తి కింద పెట్టేసింది. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. దారిలో చూసినవాళ్ళు పనులాపి నిలబడ్డారు. పొలం ఒడ్డున నీరటి బంతా సలాం రేపటి వంటకి పొయ్యిరాళ్ళు సర్దుతున్నాడు. ఆయన కూడా లేచి, తలపాగా సర్దుకున్నాడు. నడక జరిగేటప్పుడు నీరటి సాక్షిగా ఉండాలి.

తాత చెప్పులు విడిచాడు. కర్ర ఆమె చేతికిచ్చాడు. ఆమె కూడా చెప్పులు విడవబోయింది.

"నువ్వు కాదు" అన్నాడు తాత. "నువ్విక్కడే ఉండు."

"మరి ఎవరి కోసం లేమాన్ మావా?" అన్నాడు బంతా సలాం.

"నా చిన్నకొడుకు ఇద్రుస్ కోసం. తూర్పు వైపు, కాలవకి ఆనుకున్న సగం."

బంతా సలాం దగ్గరికొచ్చాడు. సల్బియా వైపు చూసి మెల్లగా అన్నాడు. "మావా, వెనకాల ఎవరూ లేకపోతే గట్టు లేవదు. నీకు తెలీనిది కాదు. నడిచే ఓపిక ఈ ఏడుకి ఇదొక్కసారే ఉంది నీకు."

"వాడికి చెప్పాను, వస్తాడు" అని తాత పొలంలోకి దిగాడు.

కర్ర లేకుండా ఆయన నడక చూసి చాలా కాలమైంది. చేతులు కొంచెం ఎడంగా పెట్టుకుని, పాదంతో నేలని తడుముకుంటూ, కొయ్యకాళ్ళ మధ్య ఒక్కో అడుగూ వేస్తున్నాడు. నేల ఎండి నెర్రెలిచ్చి ఉంది. వేసిన అడుగు కింద పొడిమట్టి పొరలు విరుగుతున్నాయి. పదడుగులకోసారి ఆగి, వెనక్కి తిరక్కుండానే పిలుస్తున్నాడు. "ఇద్రుస్, రా నాయనా. నా వెనకే రా. ఇటు చూసుకుని రా, ఇక్కడ నెర్రె ఉంది."

ఒడ్డున జనం చేరారు. ఉన్న ఒక్క నడకా లేని మనిషికి పోతోంది. సల్బియా కర్ర రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. పరిగెత్తి వెళ్ళి వెనకాల నిలబడదామా అనిపించింది. తాత వద్దన్నాడు. ఆయన పిలుస్తున్నది తనని కాదు. కాళ్ళు కదల్లేదు.

అప్పుడొచ్చింది మోటార్ సైకిల్. రేపటి కందూరికి కొబ్బరికాయలు తెచ్చాడు హనాఫియా. బండి దిగి, ఒడ్డున జనాన్ని చూసి, పొలంలో తండ్రిని చూసి, ఆయన పిలుపు విన్నాడు. విని కాసేపలాగే నిలబడ్డాడు. ఆ తర్వాత చెప్పులు విడిచి, లుంగీ ఎగగట్టి, పొలంలోకి దిగాడు. గబగబా వెళ్ళి తండ్రి వెనక చేరి, ఆయన అడుగుల్లో అడుగులు వేస్తూ నడిచాడు.

"అయిపోయింది" అన్నారెవరో మెల్లగా.

అయిపోయిందనే సల్బియా కూడా అనుకుంది. నేల పాదాల్ని చూస్తుంది గానీ పేర్లు వినదని అందరికీ తెలుసు. పేరు ఇద్రుస్‌ది, పాదాలు హనాఫియావి. తాత పిలుస్తూనే ఉన్నాడు, వెనక్కి తిరగలేదు. వెనకాల అడుగుల చప్పుడు వినపడ్డ దగ్గర్నుంచి ఆయన నడుం కొంచెం నిటారైంది. తూర్పున కాలవ ఒడ్డు పట్టుకుని, దక్షిణం తిరిగి, పొలం మధ్యగా వెనక్కొచ్చి, మొదలుపెట్టిన చోటికి చేరేసరికి పొద్దు కొండ మీదికి వచ్చింది. ఆయన మోకాళ్ళు వంగిపోయాయి. హనాఫియా పట్టుకున్నాడు, రెండు చేతులతో ఎత్తుకుని, మెనాసాకి కాకుండా మర్దియా ఇంటికి మోసుకెళ్ళాడు. చాప మీద పడుకోబెట్టి, ఎవరి మొహమూ చూడకుండా బండెక్కి వెళ్ళిపోయాడు. కొబ్బరికాయలు బండికే ఉండిపోయాయి.

కందూరి బాగానే జరిగింది. గేదె మాంసం లేతగా ఉడికిందని అందరూ అన్నారు. సల్బియా వడ్డించింది, గిన్నెలు తోమింది, తిన్నానని చెప్పింది. ఆడవాళ్ళు ఆమె వీపు నిమిరి వెళ్ళారు. "వక్కలమ్మినవాడి తెలివి" అంది ఒకామె. "ఏం తెలివిలే, ఎలాగూ తనకొచ్చేదేగా, ఓపిక పట్టలేకపోయాడు" అంది ఇంకొకామె. మర్దియా మాత్రం బావగారిని ఒక్క మాట అనలేదు, అననివ్వలేదు. "ఆయన దిగకపోతే మావయ్యగారు సగంలోనే పడిపోయేవారు. ఆ మాట కూడా చెప్పుకోండి" అంది.

ఆ మూడు రోజులూ పొలంలోకి పిట్ట కూడా వాలలేదు. తాత జ్వరంతో పడుకుని ఉన్నాడు. గంజి పట్టిస్తే తాగేవాడు, తాగి అటు తిరిగి పడుకునేవాడు. సల్బియా ట్రంకుపెట్టెలో రెండు జతల బట్టలు పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది. ఇంకా ఊళ్ళోనే ఉంది గానీ, మెట్ల దగ్గర జాడీలో నీళ్ళు ముంచుకున్నా, ఇది ఎన్నాళ్ళో అనిపించేది. అన్నిటికంటే ఆమెని తినేసింది ఒకటే, తాతకి ఈ సంగతి ఎవరు చెప్తారు? ఆయన తన కొడుకు వచ్చాడనుకుని పడుకున్నాడు.

నాలుగో రోజు తెల్లవారుజామున ఫజర్ నమాజవుతూనే ఊరంతా పొలం ఒడ్డుకి చేరింది. అవతలి ఒడ్డున అవతలి ఊరివాళ్ళు. ముందు నేల లోపల్నుంచి నీళ్ళు పీలుస్తున్నట్టు చిన్న చప్పుడు. తర్వాత పొలమంతా ఒకసారి ఊపిరి తీసుకుంది. కొండ వైపు నుంచి మొదలైంది. ఒక గట్టు, దాని పక్కన ఇంకోటి, మట్టి రాలుస్తూ, కొయ్యకాళ్ళు పక్కకి తోసుకుంటూ, నిద్ర లేచిన గేదెల వీపుల్లా వరసగా లేచి వచ్చాయి. లేచిన ప్రతి గట్టుకీ ఒక మడవ, ఒక్కో మడవ ఒక్కో ఇంటి వైపు నోరు తెరిచింది. జనం ఎవరి గట్టు వాళ్ళు వెతుక్కుంటున్నారు, కళ్ళు తుడుచుకుంటున్నారు. ఏటా అంతే.

లేమాన్ తాత పొలం కాలవ పక్కన ఆఖరిది. దాని నాలుగు గట్లూ లేచాయి. సొంత పొయ్యి లేనివాడికి చాపే ఇల్లు కాబట్టి, మడవ ఎప్పట్లాగే మెనాసా వైపు తెరుచుకుంది. ఆ తర్వాత దాని నడుమ, ఏనాడూ గట్టు లేని చోట, నేల కదిలింది. తాత ఎక్కడ నడిచాడో అక్కడే, ఆయన తూలిన చోట తూలుతూ, ఆగిన చోట కొంచెం వెడల్పై, ఒక కొత్త గట్టు లేచి నిలబడింది. తెల్లగా ఉంది. పొడవునా సున్నం చల్లినట్టు తెల్లటి చార.

మడవ ఇంకా తెరుచుకోలేదు. సల్బియా అవతలి ఊరి వైపు చూసింది. పెదనాన్న ఇల్లు అటే, పడమర. అందరూ అటే చూస్తున్నారు. అవతలి ఒడ్డున హనాఫియా నేల చూపులు చూస్తూ నిలబడి ఉన్నాడు.

గట్టు కాసేపలాగే ఉంది. తర్వాత ఇటు వైపు, తూర్పు మూల, మట్టి మెల్లగా జారింది. మడవ తెరుచుకుంది. సల్బియాకి ఎదురుగా. ఆమె నిలబడ్డ చోటికి కాదు, ఆమె వెనక, చెట్ల మధ్య కనిపిస్తున్న మర్దియా ఇంటి వైపు. ఆ ఇంటి పొయ్యి మీద గంజి ఉడుకుతోంది.

మర్దియా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది.

హనాఫియా కొత్త గట్టు మీద నుంచి నడవకుండా, చుట్టూ తిరిగి వచ్చాడు. వచ్చి మర్దియాకి ఎదురుగా, కొంచెం దూరంలో నిలబడ్డాడు.

"మూడు రోజుల్నుంచి ఎవరికీ చెప్పలేదమ్మా" అన్నాడు. "ఎందుకు దిగానో నాకే తెలీదు. ఆయన ఒక్కడూ అలా పిలుచుకుంటూ పోతుంటే చూడలేక దిగానో, పొలం మీద ఆశకొద్దీ దిగానో, ప్రమాణం చెయ్యమంటే చెయ్యలేను. కానీ నేను నడవలేదు. అంటే నడిచాను, నాన్న అడుగుల్లో మాత్రం పడలేదు. నాన్న అడుగు పొడిగా ఉండేది. నేను కాలు పెట్టేసరికి తడి. ప్రతి అడుగూ అంతే. నాకంటే ముందు ఎవరో పెట్టి తీస్తున్నారు. నేను ఆగితే ఆ తడీ ఆగేది. మా ఇద్దరి మధ్యా ఒకడు నడిచాడు." లుంగీ అంచుతో మొహం తుడుచుకున్నాడు. "చిన్నప్పుడూ అంతే వాడు. నాన్న చెయ్యి పట్టుకుని నేను నడుస్తుంటే మధ్యలో దూరేవాడు. వాణ్ణి ఎన్నిసార్లు కొట్టానో."

బంతా సలాం మడవ దగ్గర వంగి, తెల్లటి చార మీద వేలు పెట్టి, నాలిక్కి రాసుకున్నాడు.

"ఉప్పు" అన్నాడు. "సముద్రపు ఉప్పు. సల్బియా, నారు పొయ్యడానికి తొందరపడకు. ముందు నీళ్ళు పెట్టి, నిలవనిచ్చి, వదిలెయ్యి. రెండు మూడుసార్లు కడగాలి. లేకపోతే మొక్క ఎర్రబారిపోతుంది."

"నేనా?" అంది సల్బియా.

"మరెవరు? మీ నాన్న, వాళ్ళ నాన్న బతికుండగా, ఆయన వెనక నడిచి పుచ్చుకున్నాడు. ఇది ఇద్రుస్ మడి. తండ్రి మడి కూతురు కడక్కపోతే నేను కడుగుతానా?" అని బంతా సలాం పక్కవాళ్ళ మడవ చూడ్డానికి వెళ్ళిపోయాడు.

సల్బియా ఇంటికి పరిగెత్తింది. మెట్ల దగ్గర కాళ్ళు కడుక్కోవడం కూడా మర్చిపోయింది. తాత లేచి గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కిటికీ లోంచి ఎండ ఆయన మొహం మీద పడుతోంది. వెనకాలే మర్దియా, హనాఫియా మెట్లెక్కి వచ్చారు.

"లేచిందా?" అన్నాడు తాత.

"లేచింది తాతా."

"ఎటు తెరుచుకుంది?"

"మన ఇంటి వైపు."

తాత తల ఊపాడు. "విన్నాను. వెనకాల రెండు జతల అడుగులు. చిన్నాడిది ముందు. ఆ వెనక పెద్దాడిది. పెద్దాడి నడక నాకు తెలీదనుకున్నాడు." చెయ్యి గాల్లో చాపాడు. హనాఫియా వచ్చి ఆ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చున్నాడు.

తర్వాత తాత అన్నాడు. "వాడు చల్లగా ఉన్నాడ్రా. వెనక నుంచి చలి తగులుతూనే ఉంది నాకు. బతికున్నవాడు అంత చల్లగా ఉండడు." దగ్గు తెర ఆగే దాకా ఆగాడు. "వాడి వాటా వాడికిచ్చేశాను. ఇక ఈ రాత్రి మెనాసాలో వాడి పేరు మీద చదవమనండి. ఏడు రాత్రులూ చదవమనండి. నన్ను తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టండి."

ఇన్నేళ్ళూ ఎవరి ముందూ ఏడవని మర్దియా అప్పుడు ఏడ్చింది. హనాఫియా ఏడవడం సల్బియా అంతకు ముందెప్పుడూ చూడలేదు.

ఏడు రాత్రుల దువా పూర్తయిన మర్నాడు సల్బియా మడి కడగడానికి దిగింది. పై కాలవ నుంచి నీళ్ళు పెట్టి, మడవ మూసి, పూట నిలవనిచ్చి, మడవ తీసి వదిలేసింది. నీళ్ళు కింది కాలవలో పడి, ఏటి వైపు, అక్కణ్ణుంచి సముద్రం వైపు పోయాయి. రుచి చూసింది. ఉప్పగా ఉంది. మళ్ళీ పెట్టింది. రెండోసారి ఉప్పు కొంచెమే తెలిసింది. మూడోసారి నీళ్ళు రాత్రంతా నిలిచాక, మర్నాటికి గట్టు మీది తెల్లచార పూర్తిగా కరిగిపోయింది. ఇంక మడవ తీసేయడమే మిగిలింది.

ఆమె పార పట్టుకుని మడవ దగ్గర నిలబడింది. చెయ్యి రాలేదు. ఎండ నడినెత్తికొచ్చింది, ఆమె అలాగే ఉంది. పిక్కల లోతు నీళ్ళు చల్లగా కాళ్ళ చుట్టూ నిలబడి ఉన్నాయి.

మర్దియా భోజనానికి పిలవడానికి వచ్చింది. ఒడ్డున నిలబడి కూతుర్ని చూసింది, నీళ్ళని చూసింది. చెప్పులు విడిచి మడిలోకి దిగింది. వంగి ఆ నీళ్ళు రెండు చేతులతో తీసుకుని మొహానికి అద్దుకుంది.

"వదిలెయ్యవే" అంది. "వచ్చిన పనైపోయింది కదా. వెళ్ళనీ."

కూతురు కదలకపోతే తనే పాదంతో మడవ మట్టి పక్కకి తోసింది. నీళ్ళు చప్పుడు చేస్తూ బయటికి దారి తీశాయి. ఆఖరి నీళ్ళు పోయేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు. తర్వాత ఇంటికెళ్ళి, మెట్ల దగ్గర కాళ్ళు కడుక్కుని, అన్నం తిన్నారు. సాయంత్రం సల్బియా ట్రంకుపెట్టెలో బట్టలు తీసేసి, అందులో విత్తనాల వడ్లు పోసింది.